పిలుపు వేరు, పట్టిక వేరు

పెద్దలకును యౌవనస్థులకును అధ్యయన పాఠము

పాఠ్యాంశము: డ్యూటీ యాప్ నుండి ఫోనుకు వచ్చు నోటిఫికేషన్లను అదుపులో ఉంచుకొనుట.

పాఠము ఉద్దేశము: ఈ పాఠము ముగియు సరికి చదువరులు (1) నోటిఫికేషను ఏ దారిన వచ్చునో చెప్పగలుగుదురు, (2) అవసరమైన పిలుపును అనవసరమైన పిలుపు నుండి వేరుచేయగలుగుదురు, (3) తమ ఫోనులో తగిన మార్పులు చేసికొనగలుగుదురు, (4) తమ పనిదినముల లెక్కను తామే వ్రాసికొనుట అలవరచుకొందురు.

కావలసిన వస్తువులు: ఒక స్మార్టు ఫోను, ఒక నోటు పుస్తకము, ఇంటిలో ఫోను సంగతి తెలిసిన ఒక పిల్లవాడు లేక పిల్ల.

ఉపోద్ఘాతము

ఈ పాఠమును ఒక తప్పు ఒప్పుకొని ఆరంభించవలసియున్నది. ఆ తప్పు మాది.

కిందటి వర్షాకాలములో ఆరాధన మధ్య యౌవనస్థుల ఫోనులు మాటిమాటికి మ్రోగుచుండెను. ప్రకటనల సమయములో మేము లేచి, “ఆ డ్యూటీ యాపులో వచ్చే శబ్దాలన్నీ ఆపివేయండి. ఆదివారమే కాదు, ఎప్పుడూ ఆపే ఉంచండి. పని ఎక్కడికీ పోదు” అని కొంచెము గట్టిగానే చెప్పితిమి. మా మాట విన్నవారిలో ఒక తమ్ముడు ఉన్నాడు. అతడు కోలారు పక్కనున్న పారిశ్రామిక వాడలో ఒక కర్మాగారమున కాంట్రాక్టు పద్ధతిపై పనిచేయుచున్నాడు. పెద్దల మాట గనుక ఆ రాత్రే యాప్ నోటిఫికేషన్లన్నియు మూసివేసినాడు.

కొన్ని దినములైన తరువాత, ఒక రాత్రి పదకొండు దాటినాక అతని షిఫ్టు మారినది. ఉదయము ఆరు గంటల డ్యూటీని మధ్యాహ్నము రెండు గంటలకు మార్చినారు. ఫోను మూగగా ఉన్నది. తెల్లవారుజామున మూడున్నరకు తల్లి లేచి అన్నము వండి క్యారియరు కట్టినది. అతడు కంపెనీ బస్సు ఎక్కి వెళ్లినాడు. గేటు వద్ద, “నీది రెండు గంటల షిఫ్టు, యాప్ చూచుకోలేదా?” అని నిలిపివేసినారు. ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చుండవలెనో తెలియక ఇంటికి తిరిగి వచ్చి, అలసటతో పడుకొని నిద్రపోయినాడు. లేచుసరికి రెండు దాటినది. ఆ దినము గైరుహాజరు పడినది. ఒక దినపు కూలి పోయినది. నెల అంతయు మానక వచ్చినవారికి ఇచ్చు హాజరు బోనసు కూడ పోయినది.

మరుసటి ఆదివారము అతని తల్లి మా యొద్దకు వచ్చినది. కోపపడలేదు. “అన్నా, మన నాయనల కాలంలో సైరను ఒకటే కదా. ఊరందరికీ ఒకే కూత, ఒకే అర్థం. ఈ ఫోనుకు ఇన్ని కూతలు. ఏది వినాలో ఏది మానాలో చెప్పుంటే సరిపోయేది. మీరు అన్నీ ఆపెయ్యమన్నారు” అన్నది.

మాకు జవాబు లేకపోయినది. తరువాత రెండు శనివారములు సాయంకాలము యౌవనస్థులతో కూర్చుండి వారి ఫోనులు ఒక్కొక్కటి తెరిచి చూచితిమి. ఉపాధ్యాయ శిక్షణ పొంది, జీవితమంతయు బల్లకు ఇవతల నిలిచి చెప్పిన మేము బల్లకు అవతల కూర్చుండి నేర్చుకొంటిమి. అట్లు నేర్చుకొన్నదే ఈ పాఠము. అన్నియు ఆపుట తప్పు. అన్నియు తెరిచియుంచుట కూడ తప్పు. ఏది వినవలెనో ముందుగా ఏర్పరచుకొనుట సరియైన మార్గము.

1. నాటి సైరను, నేటి ఫోను

మన తాత తండ్రులు ఈ బంగారు గనులకు చిత్తూరు మొదలగు తెలుగు ప్రాంతముల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టినది. 1902లో శివనసముద్రము నుండి ఈ గనులకు విద్యుత్తు వచ్చినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అంత లోతునకు మనుష్యులను వేళకు దింపి, వేళకు పైకి తీయుటకు షిఫ్టుల పద్ధతి ఉండెను. షిఫ్టులకు సైరను ఉండెను.

మేము చిన్నవారముగా ఉన్నప్పుడు సైరను కూతను బట్టి తల్లులు పొయ్యి వెలిగించేవారు, పిల్లలు బడికి బయలుదేరేవారు. గడియారము లేని ఇల్లు ఉండవచ్చునుగాని సైరను వినబడని ఇల్లు లేదు. భూగర్భములో రాయి పగిలి నేల అదిరినప్పుడైతే ఏ కూతయు అక్కరలేదు. స్త్రీలు చేతిపని విడిచి షాఫ్టు వైపు పరుగెత్తేవారు.

ఆ సైరనుకు మూడు గుణములు ఉండెను. మొదటిది, అది నియమిత వేళకే కూసేది. రెండవది, కూసి ఊరకుండేది. రాత్రంతయు పిలుచుచుండేది కాదు. మూడవది, అందరును వినేవారు. ఒకడు నిద్రపోయినను పక్కింటివాడు తలుపు తట్టి, “ఏమయ్యా, డ్యూటీకి రావా?” అని లేపేవాడు.

ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. పని వెతుకుకొనుచు మన పిల్లలు మారికుప్పం నుండి బెంగళూరు రైలు ఎక్కినారు. కొందరు 1964లో స్థాపించబడిన బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారములోను, మరి కొందరు నరసాపుర, వేమగల్, మాలూరు పారిశ్రామిక వాడలలోను పని సంపాదించుకొన్నారు. గిడ్డంగులు, ఆసుపత్రులు, హోటళ్లు, కాపలా పనులు చేయువారు మరి అనేకులు. కొందరు గల్ఫు దేశములకు, సింగపూరునకు వెళ్లినారు. వీరిలో చాలామందికి ఇప్పుడు డ్యూటీ చార్టు గోడమీద లేదు, ఫోనులో ఉన్నది. సైరను లేదు, నోటిఫికేషను ఉన్నది.

ఈ కొత్త సైరను గుణములు వేరు. దీనికి నియమిత వేళ లేదు. ఇది కూసి ఊరకుండదు. అన్నిటికంటె ముఖ్యముగా, దీనిని ఒక్కడే వినును. అతడు వినకపోయినచో తలుపు తట్టు పొరుగువాడు లేడు. అతని షిఫ్టు ఏదో పొరుగువానికి తెలియదు, ఒక్కొక్కసారి ఇంటిలో భార్యకు కూడ తెలియదు. మన తమ్ముని తల్లికి ఆ రాత్రి మార్పు తెలిసియుంటే మూడున్నరకు పొయ్యి వెలిగించేది కాదు.

2. నోటిఫికేషను ఏ దారిన వచ్చును?

దీనిని ఉత్తరముతో పోల్చి చెప్పుకొందము. కర్మాగారములో సూపర్‌వైజరు డ్యూటీ చార్టు మార్చి అచ్చటి కంప్యూటరులో నొక్కును. ఆ కంప్యూటరు తిన్నగా మీ ఫోనుకు చెప్పదు. మధ్యలో ఒక తపాలా కార్యాలయము కలదు. ఆండ్రాయిడ్ ఫోనులైతే చాలమట్టుకు అది గూగుల్ వారిది. ఐఫోనులైతే యాపిల్ వారిది. యాపిల్ వారు ఈ సేవను 2009లోను, గూగుల్ వారు 2010లోను మొదలుపెట్టినారు. ఫోను ఆ కార్యాలయముతో ఎడతెగక ఒక తీగె కలిపియుంచును. ఉత్తరము రాగానే కార్యాలయము దానిని మీ ఫోనుకు అందించును.

ఇందువలన మనము తెలిసికొనవలసిన సంగతులు నాలుగు ఉన్నవి.

(అ) ఉత్తరము ఆలస్యము కావచ్చును. ఫోను ఆపియున్నను, సిగ్నలు లేకపోయినను, డేటా అయిపోయినను ఉత్తరము కార్యాలయములోనే నిలిచియుండును. గూగుల్ పద్ధతిలో అట్లు గరిష్ఠముగా నాలుగు వారముల వరకు ఉంచుదురు; పంపువారు అంతకంటె తక్కువ గడువు కూడ పెట్టవచ్చును. కాబట్టి షిఫ్టు అయిపోయిన తరువాత ఆ షిఫ్టు గురించిన పిలుపు రావచ్చును. నోటిఫికేషను చూడగానే అది ఏ తారీఖు గురించినదో, ఎప్పుడు పంపినదో చూడవలెను.

(ఆ) ఉత్తరము రాకనే పోవచ్చును. గడువు దాటినచో పారవేయుదురు. యాపును సెట్టింగ్స్‌లోనికి వెళ్లి బలవంతముగా ఆపివేసినచో, దానిని మరల మీరు తెరుచువరకు ఆండ్రాయిడ్ ఫోనులో దానికి పిలుపులు అందవు. బ్యాటరీ మిగుల్చుటకని కొన్ని ఫోనులు యాపులను తామే నిద్రపుచ్చును. అప్పుడును ఆలస్యము కలుగును.

(ఇ) చిరునామా మనుష్యునిది కాదు, ఫోనులోని ఆ యాపుది. ఫోను మార్చినప్పుడు కొత్త ఫోనులో యాపు వేసి మీ పేరున లోపలికి ప్రవేశించువరకు పిలుపులు పాత ఫోనుకే పోవచ్చును. పాత ఫోను తమ్మునికో చెల్లెలికో ఇచ్చునప్పుడు దానిలో నుండి లాగౌట్ కావలెను. లేనిచో మీ డ్యూటీ పిలుపు వారి జేబులో మ్రోగును.

(ఈ) ఉత్తరము పట్టిక కాదు. నోటిఫికేషను అనగా, “పట్టికలో ఏదో మారినది, వచ్చి చూడు” అని తలుపు తట్టుట మాత్రమే. అసలు మాట యాప్ లోపల పట్టికలో ఉన్నది. తట్టిన చప్పుడు వినబడలేదు గనుక పట్టిక మారలేదని అనుకొనరాదు. ఈ పాఠములో ఒక్క మాటయే గుర్తుంచుకొందుమనువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను: పిలుపు వేరు, పట్టిక వేరు.

3. ఏ గంట దేనికి?

మేము బడిలో పనిచేసిన కాలములో గంట కొట్టుటకు ఒక పద్ధతి ఉండెను. ప్రార్థనకు ఒక విధము, పీరియడు మారుటకు ఒక విధము, ఇంటికి విడుచుటకు పొడవుగా ఒక విధము. అన్నిటికిని ఒకే విధముగా కొట్టినయెడల పిల్లలు మూడవ పీరియడుకే సంచులు సర్దుకొందురు. డ్యూటీ యాపుల కష్టము ఇదియే. అన్నిటికిని ఒకటే గంట.

ఒక తమ్ముని ఫోనులో ఒక దినపు నోటిఫికేషన్లను వరుసగా చదివి చూచితిమి. ఇరువదికి పైగా ఉన్నవి. అందులో అతని షిఫ్టునకు సంబంధించినవి రెండే. మిగిలినవి ఎవరి పుట్టినరోజో, ఎవరికి ప్రశంసయో, ఏ విభాగములో ఖాళీ ఉన్నదో చెప్పునవి. మనస్సు ఇరువదిమారులు ఉలికిపడి ఇరువదియొకటవసారి ఉలికిపడుట మానుకొనును. ముఖ్యమైనది ఆ ఇరువదియొకటవదే కావచ్చును. చూడకపోయినను చప్పుడు మాత్రమే మన పనిని చెరచునని 2015లో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రచురించినారు. ఫోనును చేత పట్టకపోయినను, నోటిఫికేషను వచ్చినవారు చేయుచున్న పనిలో ఎక్కువ తప్పులు చేసినారట. యంత్రముల వద్ద నిలిచి పనిచేయువారికి ఇది చిన్న సంగతి కాదు.

కనుక డ్యూటీ యాప్ నుండి వచ్చు పిలుపులను మూడు తరగతులుగా విభజించుకొందము.

మొదటి తరగతి, మేల్కొలుపు గంట. వచ్చు 24 గంటలలోని మీ షిఫ్టు మారుట, రద్దగుట, పనిచేయు చోటు మారుట, బస్సు వేళ మారుట. షిఫ్టునకు ముందు వచ్చు జ్ఞాపిక కూడ ఈ తరగతిలోనిదే. వీటికి శబ్దము ఉండవలెను. ఆ శబ్దము మరి దేనికిని ఉండరాదు.

రెండవ తరగతి, వేచియుండు గంట. వచ్చే వారపు పట్టిక వెలువడుట, సెలవు మంజూరగుట, తోటివారు షిఫ్టు మార్చుకొందమని అడుగుట. ఇవి తెరమీద కనబడిన చాలును, శబ్దము అక్కరలేదు. సాయంకాలము చూచుకొనవచ్చును.

మూడవ తరగతి, మూయదగిన గంట. శుభాకాంక్షలు, పోటీలు, ప్రకటనలు, ఇతర విభాగముల వార్తలు. వీటిని పూర్తిగా మూసివేయుట వలన కూలి తగ్గదు.

ఇక ఒక చిక్కైన పిలుపు ఉన్నది. అది ఖాళీ షిఫ్టు పిలుపు. “ఈ రాత్రి ఇద్దరు కావలెను, ముందుగా ఒప్పుకొన్నవారికే” అని వచ్చును. ముందుగా నొక్కినవారికి ఓవర్‌టైమ్ దొరకును. అప్పు ఉన్నవారికి, పిల్లల ఫీజు కట్టవలసినవారికి ఇది ఆశ పుట్టించును; దానిని మేము తప్పు పట్టము. గని కాలములో మన తండ్రులును అదనపు పని వెదకినవారే. అయితే రాత్రి రెండు గంటలకు ఫోను చేతిలో పెట్టుకొని పండుకొనువాడు పని చేయకయే అలసిపోవుచున్నాడు. మా సలహా ఏమనగా, ఈ వారము ఎన్ని అదనపు షిఫ్టులు చేయవలెనో ఇంటిలో భార్యాభర్తలు కూర్చుండి ముందుగా నిర్ణయించుకొనవలెను. ఆ సంఖ్య నిండువరకు ఈ పిలుపునకు పగటివేళ శబ్దము ఉంచుకొనవచ్చును. నిండిన తరువాత మూసివేయవలెను. నిర్ణయము ఇంటిలో జరుగవలెను. ఫోను మ్రోగిన క్షణమున కాదు.

4. ఫోనులో చేయవలసిన పనులు

ఇప్పుడు ఫోను తీసికొని ఒక్కొక్క మెట్టు చేయుదము. ఫోను రకమును బట్టి పేర్లు కొంచెము మారవచ్చును, పద్ధతి ఒకటే.

మొదటి మెట్టు: యాప్ లోపల చూడుడి. చాల డ్యూటీ యాపులలో సెట్టింగ్స్ కింద నోటిఫికేషన్స్ అను భాగము ఉండును. ఏ సంగతి ఫోను తెరమీదికి రావలెను, ఏది ఎస్.ఎం.ఎస్. గానో ఈమెయిల్ గానో రావలెను అని అక్కడ ఎంచుకొనవచ్చును. మొదటి తరగతి పిలుపులకు ఎస్.ఎం.ఎస్. కూడ ఉన్నచో దానిని తెరిచియుంచుడి. డేటా లేనప్పుడు కూడ ఎస్.ఎం.ఎస్. వచ్చును.

రెండవ మెట్టు: ఫోను అనుమతి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 మొదలుకొని, యాపు నోటిఫికేషన్లు పంపుటకు ముందు మీ అనుమతి అడుగును. తొందరలో రెండుమారులు వద్దని నొక్కినచో అది మరల అడుగదు. అప్పుడు సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, నోటిఫికేషన్స్ అను వరుసలో వెళ్లి మీరే తెరువవలెను.

మూడవ మెట్టు: గంటలు వేరుచేయుట. అదే చోట 2017 నాటి ఆండ్రాయిడ్ 8 నుండి ఒక సౌకర్యము ఉన్నది. యాపు చేసినవారు విభాగించియుంటే, షిఫ్టు మార్పులు, జ్ఞాపికలు, ప్రకటనలు అని వేర్వేరు వరుసలు కనబడును. ఒక్కొక్క వరుసకు శబ్దము ఉంచవచ్చును, నిశ్శబ్దము చేయవచ్చును, మూసివేయవచ్చును. మొదటి తరగతికి మరి ఏ యాపుకును లేని ఒక శబ్దమును ఎంచుకొనుడి. వరుసలు కనబడనిచో యాపువారు విభాగించలేదని అర్థము. అప్పుడు మొదటి మెట్టులోనే చేయవలెను.

నాలుగవ మెట్టు: బ్యాటరీ. అదే యాప్ పేజీలో బ్యాటరీ అను చోట అన్‌రిస్ట్రిక్టెడ్ అని ఉంచుడి. కొన్ని కంపెనీల ఫోనులలో ఆటోస్టార్ట్ అను మీట వేరుగా ఉండును. దానిని కూడ వేయుడి. డ్యూటీ యాపును బలవంతముగా ఆపు అలవాటు మానుకొనుడి.

ఐదవ మెట్టు: నిద్ర వేళలు. ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్, ఐఫోనులో 2021 నుండి ఫోకస్ అను ఏర్పాటు కలదు. నిద్రపోవు గంటలు అందులో వ్రాసినచో ఫోను తానే మూగయగును, తానే మాటలాడును. అందులో మినహాయింపులు పెట్టవచ్చును. తల్లిదండ్రుల ఫోను, సూపర్‌వైజరు ఫోను మినహాయింపులో చేర్చుడి. వెంట వెంటనే రెండవసారి పిలిచినవారి కాల్ మ్రోగునట్లు కూడ చేయవచ్చును. రాత్రి షిఫ్టు చేయువారు పగటి నిద్ర గంటలను వ్రాసికొనవలెను. షిఫ్టు మారిన వారములో ఈ గంటలను కూడ మార్చవలెను. లేనిచో మేల్కొనియున్నప్పుడు మూగయై నిద్రపోవునప్పుడు మ్రోగును.

ఆరవ మెట్టు: మూసిన తెర. ఫోను తాళము వేసియున్నప్పుడు తెరమీద సందేశపు పూర్తి పాఠము కనబడకుండ చేయవచ్చును. రాత్రి షిఫ్టునకు పోవు చెల్లెండ్ర బస్సు వేళ, దిగు చోటు పరులకు కనబడనవసరము లేదు.

ఏడవ మెట్టు: పరీక్ష. ఇన్ని చేసిన తరువాత పరీక్షింపక విడువరాదు. తోటివానితో చిన్న షిఫ్టు మార్పు కోరిక పంపించుకొని, తెరమీద కనబడుచున్నదా చూడుడి. మేల్కొలుపు గంటను తరువాతి నిజమైన మార్పు నాడు గమనించుడి. పొరపాటున తుడిచివేసిన పిలుపు మరల చూచుటకు 2020 నాటి ఆండ్రాయిడ్ 11 నుండి నోటిఫికేషన్ హిస్టరీ అను మీట ఉన్నది. దానిని ముందుగా వేసియుంచవలెను.

5. రెండు చూపులు, ఒక పుస్తకము

ఇన్ని మెట్లు ఎక్కినను పిలుపు తప్పిపోవచ్చునని రెండవ భాగములో చెప్పుకొంటిమి. కనుక పిలుపు మీద ఆధారపడక పట్టికను మనమే వెళ్లి చూడవలెను. రోజుకు రెండు చూపులు చాలును. నిద్రపోవుటకు ముందు ఒకటి, ఇల్లు విడుచుటకు ముందు ఒకటి. మన తమ్ముడు మూడున్నరకు లేవగానే యాపు తెరిచి ఒక్కసారి చూచియుంటే, నోటిఫికేషన్లన్నియు మూసియున్నను అతని కూలి దక్కియుండేది. ఆ మాట కూడ మేము అతనికి చెప్పియుండవలసినది.

ఆ చూచినదానిని వ్రాసికొనవలెను. ఒక నోటు పుస్తకములో తారీఖు, పిలిచిన షిఫ్టు, వెళ్లిన వేళ, విడిచిన వేళ, ఓవర్‌టైమ్ అను ఐదు గడులు గీసికొనుడి. షిఫ్టు మార్పు వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ తీసియుంచుడి. పట్టిక మారిన తరువాత పాత పట్టిక యాపులో కనబడకపోవచ్చును.

ఇది ఎందుకు అవసరమో మన జిల్లాయే చూచినది. 2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ కర్మాగారములో జీతముల విషయమై కార్మికుల కోపము హద్దు దాటి విధ్వంసమైనది. ఆస్తినష్టము కలిగినది, అనేకులు అరెస్టు అయినారు. అంతకు ముందు అక్టోబరులో ఎనిమిది గంటల షిఫ్టులు పండ్రెండు గంటలకు మారియుండెను. హాజరు నమోదులోను జీతముల లెక్కలోను లోపములు ఉన్నవని ప్రభుత్వ అధికారుల విచారణలో తేలినది. కొందరికి సరిగాను వేళకును జీతము చెల్లింపలేదని కంపెనీయే ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. 2023లో ఆ కర్మాగారము టాటా ఎలక్ట్రానిక్స్ వారి చేతికి వచ్చినది. పగులగొట్టుట న్యాయమని మేము చెప్పము. అయితే యంత్రము తప్పు లెక్క చెప్పినప్పుడు దానిని సరిదిద్దమని అడుగుటకు మన చేతిలో మన లెక్క ఉండవలెను. వ్రాసియున్న పుస్తకము అరచు గొంతుకంటె బలమైనది.

ఇంకొక పని కూడ చేయుడి. వారపు పట్టికను ఒక కాగితము మీద వ్రాసి వంటయింటి గోడకు అతికించుడి. మార్పు వచ్చినప్పుడు కొట్టివేసి వ్రాయుడి. సైరనును అందరును వినినట్లు మీ డ్యూటీని ఇంటివారందరును చూతురు. తల్లి, భార్య, పిల్లలు మీకు పొరుగువాని తలుపు తట్టుడు వంటివారగుదురు.

6. పంపువారికి ఒక మాట

మన సంఘములలో సూపర్‌వైజర్లు, సెక్యూరిటీ ఆఫీసర్లు, ఆసుపత్రి హెడ్ నర్సులు కూడ ఉన్నారు. పిలుపు పంపునది వారే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము పనివేళల నోటీసును అందరికి కనబడునట్లు పెట్టవలెననియు, అది ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలో ఉండవలెననియు విధించినది. ఆ చట్టము స్థానమున 2025 నవంబరులో కొత్త కోడు అమలులోనికి వచ్చినది గాని, ఆ పాత నియమములోని న్యాయము పాతబడలేదు. పని చేయువానికి అర్థముకాని పిలుపు పిలుపు కాదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రము పెద్ద దుకాణములు, హోటళ్లు మొదలగువాటిలో పనిచేయువారికి పట్టికను ముందుగా ఇవ్వవలెనని చట్టము చేసినది. 2020 జూలై నుండి ఆ గడువు 14 దినములు. ఫ్రాన్సు 2017లోను, ఆస్ట్రేలియా 2024లోను పనివేళ దాటిన తరువాత వచ్చు పిలుపుల విషయములో ఉద్యోగులకు రక్షణ కల్పించినవి.

కనుక పంపువారు నాలుగు సంగతులు పాటించవలెను. రాత్రి మార్పు తప్పనిసరియైతే నోటిఫికేషనుతో ఆగక ఫోను చేసి చెప్పవలెను. సంబంధించినవారికే పంపవలెను, ఒక షిఫ్టు సంగతి మూడు షిఫ్టులవారికి పంపరాదు. అత్యవసరము అను గుర్తును నిజముగా అత్యవసరమైనదానికే వాడవలెను. మొదటి వరుసలోనే తారీఖు, వేళ, చోటు ఉండవలెను. “మార్పు ఉంది, యాప్ చూడండి” అనునది చాలదు. “రేపు మంగళవారం మీ షిఫ్టు ఉదయం 6 కాదు, మధ్యాహ్నం 2. బస్సు ఆండర్సన్‌పేటలో 12.30కి” అనునది చాలును. తెలుగు, కన్నడము, తమిళము, ఎవరికి ఏది తెలియునో అందులో పంపవలెను.

ఈ మాట చెప్పునప్పుడు మా వైపునకు కూడ చూచుకొంటిమి. మన సంఘపు వాట్సాప్ గుంపులో రాత్రి పదకొండు గంటలకు కమిటీ సమాచారము, తెల్లవారుజామున శుభోదయపు చిత్రములు పంపుచున్నది ఎవరు? మనమే. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి పండుకొనిన చెల్లెలిని కంపెనీ ఒకసారి లేపితే మనము మూడుసార్లు లేపుచున్నాము. ఈ నెల నుండి మా సంఘములో సమాచారము సాయంకాలము ఏడు గంటలకు ఒక్కసారి మాత్రమే పంపుటకు తీర్మానించుకొంటిమి. మరణ వార్తయు ఆసుపత్రి అవసరమును మాత్రమే దీనికి మినహాయింపు. వాటికి ఫోను చేసి చెప్పుదుము.

పునశ్చరణ

సైరను అందరిది, నోటిఫికేషను ఒక్కనిది. నోటిఫికేషను ఆలస్యము కావచ్చును, రాకపోవచ్చును. మేల్కొలుపు గంటను ఉంచుకొని, వేచియుండు గంటను నిశ్శబ్దము చేసి, తక్కినవి మూయవలెను. పట్టికను రోజుకు రెండుసార్లు చూడవలెను. లెక్కను మన చేతితో వ్రాసికొనవలెను. ఇంటివారికి మన షిఫ్టు తెలిసియుండవలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఫోనులో నిన్న వచ్చిన నోటిఫికేషన్లలో మీ పనికి నిజముగా సంబంధించినవి ఎన్ని?
2. ఈ రాత్రి మీ షిఫ్టు మారినయెడల ఇంటిలో ఎవరికి తెలియును?
3. మీ ఇంటిలో ఖాళీ షిఫ్టు ఒప్పుకొను నిర్ణయము ఎవరు, ఎప్పుడు చేయుచున్నారు?
4. కిందటి నెల మీరు పనిచేసిన గంటలను యాపు చూడకుండ చెప్పగలరా?
5. ఇతరుల నిద్ర చెడగొట్టు ఏ సందేశమును మీరు పంపుచున్నారు?

ఇంటి పని

యౌవనస్థులు ఒక్కొక్కరు తమ వీధిలో ఫోను సంగతి తెలియని ఒక కార్మికుని వద్దకు వెళ్లి, నాలుగవ భాగములోని ఏడు మెట్లును అతని ఫోనులో అతనిచేతనే చేయించవలెను. మీరు చేసి ఇవ్వవద్దు. అతని వ్రేలితోనే నొక్కించుడి. చేసిచూపినది మరచిపోవును, చేసినది నిలుచును.

మేము మొదటగా ఆ తమ్ముని ఇంటికి వెళ్లితిమి. పోయిన కూలి తిరిగి రాలేదు. అయితే వంటయింటి గోడమీద డ్యూటీ చార్టు అతికించియున్నది. రెండుచోట్ల కొట్టివేసి తిరిగి వ్రాసియున్నది. ఆ దిద్దుబాటు అక్షరములు తల్లివి.